దగ్గర్నుంచి గుండీలు... దూరం నుంచి ముఖం!

సీసా మూతలు, గుండీలు, పాచికలు, పంచదార... ఏ ఇంట్లోనైనా ఏదో ఒక మూల దొరికే వస్తువులే. వాటినే పేర్చి మనిషి ముఖాన్ని రప్పించేవాళ్లున్నారు. అలాంటి బొమ్మ ఒకటి చెత్తకుప్పలో పుట్టి లండన్ వేలంపాట దాకా వెళ్లింది. ఆ బొమ్మ వెనకున్న మనుషుల కథా, చిల్లర సామాను ముఖంలా కనిపించడం వెనకున్న కిటుకూ...

ఓ పాత స్నానాలతొట్టి. అందులో వెనక్కి ఒరిగిపోయిన యువకుడు. తలకి చుట్టిన గుడ్డ, తొట్టి అంచుమీంచి వాలిపోయిన చేయి. ఫ్రెంచి చిత్రకారుడు జాక్ లూయీ దావీద్ 1793లో వేసిన ‘మరా మరణం’ చూసినవాళ్లకి ‘ఎక్కడో చూశామే’ అనిపిస్తుంది. కాస్త దగ్గరికెళ్లి చూస్తే మాత్రం ఉలిక్కిపడతాం. అక్కడున్నది రంగు కాదు... చెత్త! సీసాలు, టైర్లు, తెగిన చెప్పులు, విరిగిన ప్లాస్టిక్ సామాను. ఆ తొట్టి కూడా చెత్తలో దొరికిందే. అందులో కూర్చున్న టియావో శాంతోస్ కూడా ఆ చెత్త ఏరుకుని బతికినవాడే.

బ్రెజిల్‌లోని రియో డి జనీరో శివార్లలో జార్డిమ్ గ్రమాషో అనే చోటుంది. పోర్చుగీసులో జార్డిమ్ అంటే తోట. పేరుకే తోట... 1970లలో మొదలై దశాబ్దాలపాటు ఊరి చెత్తంతా వచ్చిపడి ప్రపంచంలోనే అతిపెద్ద చెత్తదిబ్బల్లో ఒకటైంది. హైదరాబాద్‌లో ఎప్పుడైనా జవహర్‌నగర్ డంపింగ్ యార్డు పక్కనుంచి వెళ్లినవాళ్లకి ఆ వాసన ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. లారీ వచ్చి చెత్త దించగానే వందలమంది దాని చుట్టూ చేరేవారు. ప్లాస్టిక్, ఇనుము, కాగితం... అమ్ముడుపోయేది ఏదైనా ఏరుకోవడం వాళ్ల పని. అక్కడి భాషలో వాళ్లని ‘కతదోర్లు’ అంటారు. పగలూ రాత్రీ తేడా లేదు. టియావో వాళ్లకో సంఘం పెట్టాడు. ‘చెత్త ఏరేవాళ్లకి సంఘమేంటీ’ అని మొదట్లో తనవాళ్లే నవ్వారు.

అక్కడికి 2007 ప్రాంతంలో వచ్చాడు విక్ మూనిజ్.

తూటా ఇచ్చిన టికెట్టు

మూనిజ్‌ది ఆ దేశమే. 1961లో సావో పాలోలో పేదింట్లో పుట్టాడు. ఓసారి ఎవరో కొట్టుకుంటుంటే ఆపబోయాడు. పొరపాటున కాలికి తూటా తగిలింది. కేసు పెట్టకుండా ఉండేందుకు కాల్చినతను డబ్బిచ్చాడట. ఆ డబ్బుతోనే 1983లో అమెరికా విమానమెక్కానని మూనిజ్ చెబుతుంటాడు. సినిమా కథలా ఉంది కదూ! అక్కడ మెల్లగా కళాకారుడిగా నిలదొక్కుకున్నాడు. అయితే అతని బొమ్మల్లో రంగులకన్నా వేరే సరుకులే ఎక్కువ. చాక్లెట్ పాకం, దారం, దుమ్ము... ఏది దొరికితే దాంతో బొమ్మ కడతాడు. పైనుంచి ఫొటో తీస్తాడు. తర్వాత అసలు బొమ్మని చెరిపేస్తాడు. మిగిలేది ఫొటో ఒక్కటే.

అతనికి పేరు తెచ్చినవి 1996 నాటి ‘షుగర్ చిల్డ్రన్’ బొమ్మలు. కరీబియన్ దీవుల్లోని సెయింట్ కిట్స్‌కి సెలవులకి వెళ్లినప్పుడు సముద్రం ఒడ్డున ఆడుకునే పిల్లలతో స్నేహమైంది. అందరూ చెరుకుతోటల్లో కూలీల పిల్లలు. వాళ్ల అమ్మానాన్నల్ని చూస్తే మొహంలో నవ్వన్నదే లేదు. పిల్లల్లో ఉన్న తీపి పెద్దయ్యేసరికి ఎక్కడికి పోయింది? ఆ ప్రశ్నతో న్యూయార్క్ తిరిగొచ్చి, నల్ల కాగితంమీద పంచదార చల్లుతూ ఆ పిల్లల ముఖాలు తెప్పించాడు. వాళ్ల తల్లిదండ్రులు ఎండలో కొట్టిన చెరుకునుంచి వచ్చే పంచదారే. బొమ్మకీ సరుకుకీ అంతకన్నా గట్టి చుట్టరికం ఏముంటుంది!

ఈ కళలో మంచి బొమ్మకీ మామూలు బొమ్మకీ తేడా కూడా ఇదే అనిపిస్తుంది. నాయకుల పుట్టినరోజు వచ్చిందంటే వేల టీకప్పులతోనో, లక్ష పుల్లలతోనో భారీ చిత్రాలు కడతారు. రికార్డుల పుస్తకం వాళ్లని పిలుస్తారు. ఓపిక మెచ్చుకోవాల్సిందే, కాదనం. కానీ ఆ కప్పుల బదులు ఇటుకలు పెట్టినా ఆ బొమ్మలో ఏమీ మారదు. పంచదార బదులు ఉప్పు పోస్తే ఆ పిల్లల బొమ్మ మాత్రం చచ్చిపోతుంది.

నేలమీద కాన్వాసు

మళ్లీ చెత్తదిబ్బ దగ్గరికొద్దాం. మూనిజ్ ముందు అక్కడివాళ్లతో పరిచయం పెంచుకున్నాడు. కుప్పలో దొరికిన పుస్తకాలన్నీ దాచి గ్రంథాలయం పెట్టాలనుకునే ఒకతను, పనివాళ్లందరికీ అక్కడే పెద్ద గిన్నెలో వండిపెట్టే ఒకావిడ, ఏడేళ్ల వయసునుంచీ అక్కడే ఉన్న పద్దెనిమిదేళ్ల తల్లి... ఇలా కొందరి ఫొటోలు తీశాడు. తర్వాత పెద్ద గోదాములాంటి చోట పైనుంచి ప్రొజెక్టర్‌తో ఆ ఫొటోని నేలమీద పడేలా చేశాడు. ఒక్కో ముఖం ఆటస్థలమంత. అప్పుడు మొదలైంది అసలు పని. ఫొటోలో నీడ ఉన్నచోట ముదురురంగు చెత్త... వెలుగున్నచోట ఖాళీ నేల, లేదంటే లేతరంగు సామాను. పేర్చింది ఎవరనుకున్నారు? ఆ చెత్త ఏరుకునేవాళ్లే. పైన కట్టిన మంచెమీద నిలబడి మూనిజ్ లేజర్ లైటుతో చూపిస్తుంటే, కింద వాళ్లు మూతలూ గొట్టాలూ చెప్పులూ సర్దారు. కిందున్నవాళ్లకి అది చెత్తే. మంచె ఎక్కి చూస్తేనే తమ ముఖం! ఎక్కి చూసి ఏడ్చేసినవాళ్లూ ఉన్నారు.

చెప్పాలంటే ఈ పనిలో వాళ్లకన్నా నిపుణులు దొరకరు. ఏ ప్లాస్టిక్ ఏ రకమో చేత్తో ముట్టుకుని చెప్పగలరు. ఆ బృందంలో ఓ పెద్దాయన ఉండేవాడు. ఒక్క డబ్బా ఏరి ఏం లాభం అన్నవాళ్లకి తొంభైతొమ్మిది వంద కాదు కదా అని జవాబిచ్చేవాడు. ఒక్కో మూత పెడితేనే ముఖం వచ్చే ఈ బొమ్మలకీ ఆ లెక్కే వర్తిస్తుంది.

టియావో బొమ్మ లండన్‌లో వేలానికెళ్లింది. టియావో కూడా వెళ్లాడు. 28 వేల పౌండ్లు పలికింది! ఆ డబ్బు అతని సంఘానికే చేరింది. ఈ కథంతా దర్శకురాలు లూసీ వాకర్ ‘వేస్ట్ ల్యాండ్’ అనే డాక్యుమెంటరీగా తీసింది. 2010లో విడుదలై మరుసటేడు ఆస్కార్ నామినేషన్ దాకా వెళ్లింది.

అంతా బాగానే ఉంది. మరి బొమ్మ అయిపోయాక వాళ్ల సంగతి? ఇది బయటివాళ్లు అడిగిన ప్రశ్న కాదు, మూనిజ్ బృందంలోనే వచ్చింది. వాదన సినిమాలోనే కనిపిస్తుంది. కొన్నాళ్లు గోదాములో, పాటలు వింటూ, శుభ్రమైన చోట పనిచేశారు. మళ్లీ ఆ కుప్ప దగ్గరికి వెళ్లమంటే వెళ్లగలరా? వేరే లోకం చూపించి వెనక్కి పంపడం మేలు చేసినట్టా, కీడు చేసినట్టా? వాళ్లకేం కావాలో వాళ్లే తేల్చుకుంటారన్నది మూనిజ్ మాట. నిజానికి రెండూ జరిగాయి. కొందరు వేరే పనుల్లో కుదురుకున్నారు. కొందరు మళ్లీ కుప్ప దగ్గరికే వచ్చారు... స్నేహితులంతా అక్కడే ఉన్నారు మరి! తొంభైతొమ్మిది లెక్క చెప్పిన పెద్దాయన ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో పోయాడు. 2012 జూన్‌లో, రియోలో ఐక్యరాజ్యసమితి పర్యావరణ సదస్సుకి ముందు, ప్రభుత్వం ఆ దిబ్బనే మూసేసింది. పనిపోయినవాళ్లకి పరిహారం ఇచ్చారు. దానికోసం మాట్లాడే సంఘం అప్పటికే ఉంది. దాని నాయకుడి ముఖం లోకానికి తెలుసు. బొమ్మ చేసిన మేలు ఎంతా అని అడిగితే, కనీసం అంత.

పేపరు చేతిలోనే ఉందిగా!

ఇంతకీ చెత్తలోంచి ముఖం ఎలా వస్తుంది? రుజువు కోసం రియో వెళ్లక్కర్లేదు. అచ్చయిన ఏ పత్రికలోనైనా ఓ ఫొటోమీద భూతద్దం పెట్టి చూడండి. నీలం, గులాబీ, పసుపు, నలుపు... ఈ నాలుగు రంగుల చుక్కలు తప్ప ఇంకేమీ కనిపించవు. చుక్క పెద్దదైతే అక్కడ ముదురు, చిన్నదైతే లేత. భూతద్దం తీసేయగానే చుక్కలన్నీ కలిసిపోయి హీరోయిన్ నవ్వు మొహం ప్రత్యక్షం! చేయి చాచినంత దూరంలో చుక్కని చుక్కగా విడదీసి చూడ్డం కంటికి చేతకాదు. దగ్గరదగ్గరగా ఉన్నవాటిని కలిపేసి సగటు తీసుకుంటుంది. గుండీల బొమ్మయినా అంతే. కాకపోతే గుండీ చుక్కకన్నా పెద్దది కాబట్టి మనమే నాలుగడుగులు వెనక్కి జరగాలి.

ఎన్ని చుక్కలుంటే ముఖం గుర్తుపడతాం? అమెరికాలోని బెల్ ల్యాబ్స్ పరిశోధకుడు లియాన్ హార్మన్‌కి ఇదే సందేహం. అబ్రహాం లింకన్ ఫొటోని కొన్ని వందల గడులుగా మాత్రమే విడగొట్టి, ఒక్కో గడికి ఒకే ఛాయ నింపాడు. దగ్గర్నుంచి చూస్తే గచ్చుబిళ్లల్లా ఉంటాయంతే. కళ్లు చికిలించి చూస్తే మాత్రం లింకనే! గడుల అంచులు పదునుగా ఉండి మెదడుని తికమకపెడతాయి. కళ్లు చికిలిస్తే ఆ అంచులు చెరిగిపోయి అసలు ముఖం బయటపడుతుంది. 1973లో ‘సైంటిఫిక్ అమెరికన్’ పత్రికలో ఈ బొమ్మ వచ్చింది. అది చూసిన సాల్వడార్ డాలీ ఊరుకుంటాడా! 1976లో సముద్రాన్ని చూస్తూ కిటికీ దగ్గర నిలబడ్డ తన భార్య గాలా బొమ్మ వేశాడు. ఇరవై మీటర్లు వెనక్కెళ్తే అదే లింకన్ అయిపోతుంది. ఎంత దూరం వెళ్లాలో ఆ బొమ్మ పేరులోనే రాసిపెట్టాడు.

హార్మన్ సహోద్యోగి కెన్ నోల్టన్ ఇంకో అడుగు ముందుకేశాడు. ఇద్దరూ కలిసి 1966లోనే చిన్నచిన్న గుర్తులతో కంప్యూటర్ బొమ్మ తీశారు. తర్వాత నోల్టన్ తెరమీది గుర్తుల్ని వదిలేసి చేతికి తగిలే వస్తువులు పట్టుకున్నాడు. సముద్ర లోకాన్ని జనానికి చూపించిన జాక్ కుస్తోని గవ్వలతో కట్టాడు. చూపు లేని హెలెన్ కెల్లర్‌ని బ్రెయిలీ అక్షరాలతో, ఐన్‌స్టీన్‌ని పాచికలతో! దేవుడు విశ్వంతో పాచికలాడడని వాదించిన శాస్త్రవేత్తని పాచికల్లోనే కూర్చోబెట్టడం కొంటెతనమే. నోల్టన్ 2022లో చనిపోయాడు.

ఆయన ఆడిన మరో ఆట డామినోలు. నల్లబిళ్ల, రెండు సగాలు, ఒక్కో సగంలో సున్నా నుంచి తొమ్మిది దాకా తెల్లచుక్కలు. ఒక సెట్టులో 55 బిళ్లలు. చుక్కల్లేని సగం చిమ్మచీకటి, తొమ్మిది చుక్కలది బాగా వెలుగు. అంటే పది ఛాయలు చేతికొచ్చినట్టే. చిక్కేంటంటే... సెట్టులో ప్రతి అంకె సరిగ్గా 11 సార్లే వస్తుంది. తొమ్మిది-తొమ్మిది బిళ్ల ఒక్కటే. ‘సెట్లు విడగొట్టకుండా, ఒక్క బిళ్ల కూడా మిగలకుండా బొమ్మ కట్టాలి’ అని పట్టుపడితే, నలుపు తగ్గిందని బజారుకెళ్లి ఇంకో పావుకిలో కొనుక్కొచ్చే వీల్లేదు! జుట్టుకి కాస్త ఎక్కువ వాడితే కనుబొమలకి ఉండదు. అమెరికాలోని ఓబర్లిన్ కాలేజీ గణిత ప్రొఫెసర్ రాబర్ట్ బాష్ దీన్ని పూర్తిగా లెక్కల సమస్యగా మార్చేశాడు. విమానయాన సంస్థలు సిబ్బందికి డ్యూటీలు వేసేటప్పుడు వాడే తరహా గణితంతోనే ఏ బిళ్ల ఎక్కడుండాలో తేలుస్తాడు.

లెక్కలవాళ్ల సంగతి అలా ఉంటే, వీధి బొమ్మలతో పేరు తెచ్చుకున్న ఫ్రెంచి కళాకారుడు ఇన్వేడర్ 2005లో 330 రూబిక్ క్యూబులతో మోనాలీసాని కట్టాడు. ఉన్నవి ఆరే రంగులు. అయినా ఆ నవ్వు వచ్చింది. 2020లో పారిస్ వేలంలో దాని ధర 4 లక్షల 80 వేల యూరోలు.

మనకి కొత్తేం కాదు

ఇదంతా విదేశీ విద్య అనుకుంటే పొరపాటు. తెల్లారేసరికి వాకిట్లో చుక్కలు పెట్టి, వాటిని లెక్క తప్పకుండా కలిపే చేతులకి గడుల గీత నేర్పాలా! వినాయకచవితి వస్తే సందుసందునా కొబ్బరికాయల గణపతి, గాజుల గణపతి, బిస్కెట్ల గణపతి. దసరాకి వాసవీ కన్యకాపరమేశ్వరి ఆలయాల్లో అమ్మవారిని కరెన్సీ నోట్లతో అలంకరిస్తారు. పండగ అయ్యాక ఎవరి నోట్లు వాళ్లకి తిరిగిచ్చేస్తారు. బొమ్మ చెదిరిపోతుంది, సరుకు మిగులుతుంది... మూనిజ్ పద్ధతే!

పారేసినవాటితో పనిచేసినవాళ్లలో మనదేశంలో ముందు చెప్పుకోవాల్సింది నేక్‌చంద్ గురించి. చండీగఢ్‌లో రోడ్ల ఇన్‌స్పెక్టర్. కొత్త నగరం కడుతున్న రోజుల్లో కూలిన ఇళ్ల శిథిలాలు, పగిలిన పింగాణీ, గాజుముక్కలు పోగేసి 1957 నుంచీ అడవిలో రహస్యంగా బొమ్మలు చేస్తూ వచ్చాడు. అది ప్రభుత్వ స్థలం. 1975లో అధికారుల కంటపడింది. కూల్చేస్తారనుకుంటే జనం అడ్డుపడ్డారు. 1976లో అదే రాక్ గార్డెన్‌గా తెరుచుకుంది. విరిగిన గాజులనే దుస్తులుగా తొడుక్కుని వరసగా నిలబడ్డ ఆడవాళ్ల బొమ్మలు అక్కడ చూసి తీరాలి. అవి ఫలానా వ్యక్తివి అని చెప్పలేం. అయినా ఒక్కోదానికి ఒక్కో తీరు. నేక్‌చంద్ 2015లో కన్నుమూశాడు.

ఓ ఆదివారం... ఓ డబ్బా గుండీలు

సరే, ఇంట్లో చేయాలంటే? ముందు ఫొటో. పెళ్లి ఆల్బంలో వందమంది ఉన్న గ్రూపు ఫొటో పనికిరాదు. ముఖం నిండుగా, కిటికీ పక్కన నిలబడి ఒకవైపు వెలుగు, ఒకవైపు నీడ పడేలా తీసింది కావాలి. ఎదురుగా ఫ్లాష్ కొడితే ముక్కు నీడ కూడా మిగలదు. ఫోన్‌లోనే నలుపు-తెలుపు చేసి, గదికి అవతలి గోడ దగ్గర పెట్టి చూడండి. అంత చిన్నగా ఉన్నా ఎవరో తెలిసిపోతే ఆ ఫొటో పనికొస్తుంది.

అడ్డంగా 30, నిలువుగా 40 గడులు గీస్తే 1200 గడులు. సెంటీమీటరు గుండీలైతే 30 బై 40 సెంటీమీటర్ల అట్టలో సరిపోతుంది. ఫొటోమీదా అవే గడులు గీసి, ఒక్కోదానికి ఛాయని బట్టి 1 నుంచి 4 దాకా అంకె వేసుకోండి. నాలుగు ఛాయలు చాలు. పదికి వెళ్లారంటే పిల్లలు సాయంత్రానికి పారిపోతారు. కళ్లు, ముక్కు కింద నీడ, పెదవుల మధ్య గీత... వీటి దగ్గర ఒక్క గడి తప్పినా ముఖం మారిపోతుంది. బుగ్గలమీద నాలుగు గడులు తప్పినా ఎవరూ పట్టించుకోరు. కాబట్టి మొదట కళ్లు పేర్చి, లేచి వెళ్లి దూరంనుంచి చూసి, తర్వాతే మిగతాది. అసలు అతికించే ముందే ఫోన్‌తో ఫొటో తీసి చూస్తే తప్పులు ఇట్టే దొరుకుతాయి.

ఇంకా తేలికైన దారి కావాలంటే నల్ల చార్టు తెచ్చుకోండి. వెలుగున్నచోట మాత్రమే బియ్యమో సగ్గుబియ్యమో పేర్చి, నీడల్ని ఖాళీగా వదిలేయండి. సగం పని తగ్గిపోతుంది. తడిపిన వాకిట్లో తెల్లముగ్గు వెలిగేది అందుకే. అలాగని పప్పుల బొమ్మని ఫెవికాల్‌తో అంటించి గోడకి తగిలిస్తే రెండు నెలల్లో పురుగు పట్టడం ఖాయం. గోడమీద ఉండాల్సినదైతే గుండీలో, సీసా మూతలో మేలు. అన్నట్టు, ఇంట్లో పాకే పిల్లలుంటే గుండీలు నేలమీద వదలొద్దు. గడియారం సెల్లులు మెరుస్తున్నాయి కదా అని వాటిని మాత్రం అస్సలు వాడొద్దు. మింగితే ప్రాణానికే ముప్పు.

ఎవరి ముఖం చేయాలన్నది మీ ఇష్టం. సరుకు మాత్రం వాళ్లదైతే బాగుంటుంది. టైలరు తాతయ్యకి ఆయన డబ్బాలోని గుండీలే. బీడీలు చుట్టి పిల్లల్ని చదివించిన అమ్మమ్మ ఉంటే తునికాకు ముక్కలు. బస్సు కండక్టర్ నాన్నకి పాత టికెట్లు దొరికితే ఇంకేం కావాలి.

ఇక వంటింటి సరుకులతో చేసేవాళ్లు జిగురు జోలికి పోకండి. ఊరికే పేర్చి, కుర్చీ ఎక్కి పైనుంచి ఫొటో తీసుకుని, ఎవరి డబ్బాలోకి వాళ్లని పంపేయండి. ఆవాలూ మినుములూ కలిసిపోతే విడదీసే ఓపిక ఇంట్లో ఎవరికుందో ముందే తేల్చుకోండి. ఫొటో సరిగ్గా వచ్చిందో లేదో ఒకటికి రెండుసార్లు చూసుకున్నాకే... ఆ మినుములు ఇడ్లీకి నానబెట్టండి!